కోశాధికారిగా ఒప్పుకునే ముందు ఒక్కటి తేల్చుకోండి: అధ్యక్షుల డబ్బు అప్పా, విరాళమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ కాలనీవాళ్లు సొసైటీగా నమోదై ఏటా మూడు రోజుల కళోత్సవం జరుపుతున్నారు. ఖర్చులో సగానికి పైగా అధ్యక్షులే తమ జేబులోంచి పెడుతున్నారు. లెక్కలు అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అంటున్నారు. ఇప్పుడు మిమ్మల్ని కోశాధికారిగా ఉండమంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు.

ఒప్పుకోండి. అయితే బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఇన్నేళ్లుగా అధ్యక్షులు పెట్టిన డబ్బు సొసైటీకి ఇచ్చిన విరాళమా, సొసైటీ తీర్చాల్సిన అప్పా? నేను కోశాధికారిగా ఉన్న మొదటి తొమ్మిదేళ్లు ఈ ప్రశ్న అడగలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చిక్కడపల్లి, విద్యానగర్ ప్రాంతాల మిత్రులం కలిసి ఉగాది రోజుల్లో ఒక చిన్న ఉత్సవం నడిపేవాళ్లం. ఒక సాయంత్రం పద్యనాటకం, ఒక సాయంత్రం హరికథ, మూడో రోజు ఒగ్గు కథో చిందు యక్షగానమో. మా అధ్యక్షులు విశ్రాంత ఇంజనీరు, కళ అంటే ప్రాణం. హాలు డిపాజిట్ ఆయనే కట్టేవారు, అది తిరిగొస్తే ఆయన ఖాతాలోకే వెళ్లేది. మైకువాడికి, లైట్లవాడికి రాత్రికి రాత్రి ఆయనే చేతిలో పెట్టేవారు. ఉదయం నాకు ఫోను చేసి "పద్నాలుగు వేలు రాసుకో" అనేవారు. రాసుకునేవాణ్ని. ఏ పద్దు కింద రాయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అంత పెద్దమనిషిని అలా అడగడం మర్యాద కాదనుకున్నాను. ఒక ఏడాది 'ఇతర రాబడి' అని, మరో ఏడాది 'చేబదులు' అని రాశాను. కొన్ని మొత్తాలు అసలు పుస్తకంలోకే రాలేదు.

2018లో ఆయన పోయారు. పెద్దకర్మ అయిన రెండు వారాలకు వాళ్ల అబ్బాయి మా ఇంటికి వచ్చి ఒక డైరీ నా ముందు పెట్టాడు. ఆకుపచ్చ రెక్సిన్ అట్ట, లోపల ఆయన గుండ్రటి చేతిరాత. ఉత్సవం జరిగిన ప్రతి ఏడాదికీ ఒక పేజీ. "మైకు 14,000 ఇవ్వాలి." "లైట్లు 22,000 ఇవ్వాలి." "హాలు మిగతా 9,500 ఇవ్వాలి." అలా మొత్తం కలిపితే 6,40,000 చిల్లర. ఆ 'ఇవ్వాలి' అనే మాట దగ్గరే మేమిద్దరం ఆగిపోయాం. ఆయన మైకువాడికి ఇవ్వాలని గుర్తు కోసం రాసుకున్నారా, సొసైటీ తనకు ఇవ్వాలని రాసుకున్నారా? చెప్పగలిగిన ఒక్క మనిషీ లేరు. ఆ అబ్బాయి అత్యాశకు వచ్చినవాడు కాదు. ఇంటి రుణం ఉంది, తల్లికి వైద్యం నడుస్తోంది, నాన్న డబ్బు ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి మా సొసైటీ ఖాతాలో ఉన్నది 31,000.

ఆడిటరు దగ్గరికి వెళితే ఇంకో చిక్కు బయటపడింది. 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పుగా నగదు రూపంలో పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడే అవకాశం ఉంది. తిరిగి చెల్లించడమూ బ్యాంకు ద్వారానే జరగాలి. అంటే అదంతా అప్పే అని ఒప్పుకుంటే మేము తప్పు చేసినట్లు, కాదంటే ఆ కుటుంబానికి అన్యాయం చేసినట్లు. నాలుగు నెలలు కూర్చుని మాట్లాడుకున్నాం. మా పుస్తకాల్లో 'చేబదులు' అని స్పష్టంగా ఉన్న 2,10,000 మాత్రం అప్పుగా ఒప్పుకుని మూడేళ్లలో చెక్కుల ద్వారా తీర్చాం. మిగతాది ఆయన ఇచ్చిన విరాళమేనని కుటుంబం ఉత్తరం రాసిచ్చింది. సొసైటీల చట్టం ప్రకారం ఇలాంటి వివాదాన్ని మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో తీసుకెళ్లవచ్చు. అక్కడిదాకా వెళ్లలేదంటే అది ఆ తల్లి మంచితనం.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ బాధించింది అదే. ఉత్సవం ఒక మనిషి జేబు మీద నడిచినప్పుడు, ఆ జేబు ఖాళీ అయిన రాత్రి నష్టపోయేది వరుసలో చివర నిలబడ్డవాళ్లు. 2016లో జనగామ వైపు నుంచి ఒక ఒగ్గు కథ బృందం వచ్చింది. ఎనిమిది మంది, ఒక వ్యాను. 30,000 ఇస్తామని ఫోనులో మాట ఇచ్చాం. కథ అయ్యేసరికి రాత్రి పదకొండు. కవరులో 18,000 పెట్టి, మిగతాది తర్వాత పంపుతామన్నాం. బృందం నాయకుడు, పెద్ద ఒగ్గు, ఆ కవరు విప్పి చూడలేదు. చేత్తో పట్టుకున్నప్పుడే ఆయనకు తెలిసిపోయింది. డోలుకు గుడ్డ చుడుతూ "వ్యాను కిరాయి తొమ్మిది వేలు సార్" అన్నారు, అంతే. ఆ మిగతా 12,000 పంపడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడాది జమాఖర్చులు తీసి చూస్తే శాలువాలు, జ్ఞాపికలు, పూలదండలు, ఫ్లెక్సీలు కలిపి 92,000. మూడు రోజుల కళాకారులందరికీ ఇచ్చింది 85,000. వేదిక మీద ముఖ్య అతిథులకు కప్పిన శాలువాల డబ్బు ఆ రాత్రే రొక్కంగా చెల్లింది, ఎందుకంటే దుకాణంవాడు అప్పు ఇవ్వడు. కళాకారుడు మాత్రం ఆగుతాడు. ఆగుతాడని మనకు తెలుసు కాబట్టే ఆపుతాం.

అప్పటినుంచి మా సొసైటీలో ఒక తీర్మానం ఉంది. ఒప్పందం రోజున పారితోషికంలో సగం, వేదిక ఎక్కే ముందు మిగతా సగం, రెండూ బృందం నాయకుడి బ్యాంకు ఖాతాకే. దారి ఖర్చులు వేరుగా ఇస్తాం. ఖర్చు అంచనాలో 60 శాతం ఖాతాలో జమ అయ్యేదాకా కరపత్రం అచ్చు వేయం. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే. ఉత్సవం ఆగిపోయింది. అప్పటికే పంపిన సగం పారితోషికాలను వెనక్కి అడగకూడదని కార్యవర్గం ఫోన్ల మీదే నిర్ణయించింది. అలా నిర్ణయించగలిగింది ఆ డబ్బు సొసైటీది కావడం వల్ల, ఎవరి చేబదులూ కాకపోవడం వల్ల.

ఇక మీ అధ్యక్షుల మాటకు వద్దాం. "నమ్మకం లేదా?" అని ఆయన అన్నప్పుడు వాదించకండి. నేను ఇప్పుడైతే ఇలా అంటాను: "అయ్యా, మీరు పెట్టిన ప్రతి రూపాయీ మీ పేరు మీద నమోదు కావాలనే అడుగుతున్నాను. ఇప్పుడు అది ఎక్కడా లేదు." చాలామంది పెద్దలకు ఈ మాట గుచ్చుకోదు, పైగా నచ్చుతుంది. ఆ తర్వాత పాత మొత్తాలన్నిటికీ ఒక కాగితం రాయించండి. విరాళమైతే ఆయన సంతకంతో ఉత్తరం, అప్పయితే ఎంత, ఎప్పటిలోగా, వడ్డీ ఉందా లేదా అనే వివరాలతో కార్యవర్గ తీర్మానం. పాత తేదీలు వేసి కొత్త రసీదులు రాయవద్దు. ఎవరు చెప్పినా వద్దు. ఇకముందు ఆయన ఇచ్చేది ఆయన ఖాతా నుంచి సొసైటీ ఖాతాకు రావాలి, మైకువాడికి సొసైటీ ఖాతా నుంచి వెళ్లాలి. హాలు డిపాజిట్ కూడా అంతే. ధర్మసంస్థగా పన్ను మినహాయింపు పొందే సొసైటీ ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000కు మించి నగదు చెల్లిస్తే ఆ మొత్తాన్ని సంస్థ లక్ష్యాల కోసం చేసిన ఖర్చుగా లెక్కించరు. షామియానావాడు నగదే కావాలని పట్టుబడతాడు. రెండేళ్లు ఓపిక పడితే అలవాటు పడతాడు, మావాడు పడ్డాడు.

విరాళాల విషయంలో మన అలవాటు ఒకటి మార్చాలి. శుభమని 1,116 లేదా 5,116 నగదుగా చేతిలో పెడతారు. మీకు 80జీ గుర్తింపు (దాతలకు పన్ను రాయితీ దక్కేలా చేసేది) ఉంటే, 2,000కు మించిన నగదు విరాళానికి దాతకు పన్ను రాయితీ రాదు. 5,116 ఇచ్చేవారిని ఫోను ద్వారానే పంపమని అడగండి. పాన్ నంబరు అప్పుడే తీసుకోండి. దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకు 10బీడీ అనే పత్రం మే 31లోగా దాఖలు చేయాలి, ఆలస్యానికి రోజుకు 200. మేము ఒకసారి పన్నెండు రోజులు ఆలస్యం చేసి 2,400 కట్టాం. పాన్ నంబర్ల కోసం ఇంటింటికీ తిరగడమే దానికి కారణం. (2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. నేను చెప్పేవి పాత చట్టంలోని పేర్లు. సెక్షన్ల, పత్రాల నంబర్లు ఆడిటరును అడిగి సరిచూసుకోండి.)

స్టాళ్లు, సావనీరు ప్రకటనలు, టిక్కెట్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పన్ను లెక్కల్లో కళలను ప్రోత్సహించే సంస్థలను మామూలుగా 'సర్వజన ప్రయోజన లక్ష్యాలు' అనే తరగతి కింద చూస్తారు. అలాంటి సంస్థకు వ్యాపార తరహా రాబడి ఆ ఏటి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాదికి పన్ను మినహాయింపు పోతుంది. రాబడి 6 లక్షలైతే 1,20,000 దగ్గర ఆగాలి. దాత పేరు బోర్డు మీద "ఫలానావారి స్మృత్యర్థం" అని రాయడం వేరు, దుకాణం పేరు, సరుకులు, ఫోను నంబరు వేసి ఫ్లెక్సీ కట్టడం వేరు. మొదటిది కృతజ్ఞత కాబట్టి జీఎస్టీ పరిధిలోకి రాదని 2019లోనే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. రెండోది ప్రకటన. రసీదు పుస్తకాలు కూడా రెండు వేరుగా ఉండాలి.

హైదరాబాద్‌లో ఏ కాలనీలో చూసినా ఇంటికొకరు అమెరికాలో ఉంటారు, కాబట్టి ఇదీ గుర్తుంచుకోండి. మా సభ్యుడి తమ్ముడు డాలస్ నుంచి 2,000 డాలర్లు పంపుతానన్నాడు, అందరూ సంబరపడ్డారు. అతను అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా విదేశీ పౌరుడి విరాళం విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సొసైటీ తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు అడిగి దాచుకోండి. అతనికి వద్దని చెప్పడం మా కార్యదర్శికి ఎంతో కష్టమైంది, అయినా చెప్పాం.

కార్యవర్గం గురించి. చెక్కు మీద రెండు సంతకాలున్నంత మాత్రాన చాలదు, ఆ రెండూ ఒకే ఇంటివి కాకూడదు. ఫ్లెక్సీలు కార్యదర్శి బావమరిది దగ్గరే అచ్చు వేయిస్తుంటే అది తప్పని కాదు, కానీ మరో ఇద్దరి ధరలు తెప్పించాలి, నిర్ణయించే సమయంలో కార్యదర్శి బయటికి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. నిర్వాహకులకు, వాళ్ల బంధువులకు సంస్థ డబ్బుతో అనుచిత లాభం కలిగిందని తేలితే పన్ను మినహాయింపుకే ముప్పు. ఏడుగురు సంతకం చేస్తే సొసైటీ నమోదవుతుంది, కానీ మీ ఏడుగురిలో ఎంతమంది నిజంగా సమావేశాలకు వస్తున్నారో చూడండి. మా దగ్గర ముగ్గురే వచ్చేవాళ్లం, మిగతావారి ఇళ్లకు పుస్తకం పంపి సంతకాలు తెప్పించేవాళ్లం. డైరీ వచ్చిన రోజున ఆ సంతకాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

పదవి ఒప్పుకుంటానని చెప్పే ముందు మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, రసీదు పుస్తకాల అడుగు ముక్కలు, మినిట్స్ పుస్తకం తెప్పించుకుని ఒక ఆదివారం కూర్చోండి. ఇస్తామని వారం దాటిస్తే అదే మీకు జవాబు. ఇస్తే, అధ్యక్షుల పాత డబ్బు గురించి తీర్మానం ఎలా రాసుకోవాలో మా ముసాయిదా నా దగ్గర ఉంది. మీ సమావేశం తేదీ చెప్పండి, అంతకు ముందే ఈ జవాబు కింద రాసి పెడతాను.