పాత అమీగాకి గోడలు కడుతున్న శ్రావణికి

చి. శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

అమీగా అనే పాతకాలపు కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మెమరీ ప్రొటెక్షన్ పెడుతున్నావట, అంటే ఒక ప్రోగ్రాం ఇంకోదాని మెమరీలో రాయకుండా గోడలు. అక్కయ్యకి అర్థమైంది "రాత్రుళ్లు నిద్రపోవట్లేదురా" అన్నంత వరకే. నాకు మాత్రం గర్వంగానూ ఉంది, బెంగగానూ ఉంది.

68030 ప్రాసెసర్ ఉన్న మెషీన్ తీసుకో. ఈసీ రకం వద్దు, దాంట్లో ఆ గోడలకి కాపలా కాసే ఎంఎంయూ (మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్) ఉండదు. బ్యాకప్ తీసుకో.

అసలు చిక్కు వేరే. అమీగాలో మెసేజ్ పంపితే కాపీ వెళ్లదు, పాయింటరే వెళ్తుంది, అంటే అది మెమరీలో ఎక్కడుందో చెప్పే అడ్రస్. అందుకున్న ప్రోగ్రాం అందులోనే రాసేస్తుంది. అలా పంచుకునే మెమరీకి 'ఇది అందరిదీ' అని చెప్పే పబ్లిక్ ఫ్లాగ్ ఒకటుంది. కానీ అది పెట్టకపోయినా పని జరిగిపోయేది కాబట్టి చాలామంది పెట్టలేదు. నువ్వు గోడ కట్టగానే ఆ ప్రోగ్రాములన్నీ పడిపోతాయి. అందుకే ముందు దేన్నీ ఆపకు, ఎవరు ఎక్కడ గోడ దాటారో లాగ్‌లో రాసుకో చాలు. సున్నా అడ్రస్ దగ్గర మొదలుపెట్టు, ఎటూ చూపని నల్ పాయింటర్లతో రాసే రాతలు అక్కడే పడతాయి. నాలుగో అడ్రస్‌ని మాత్రం చదవనివ్వు, ఎగ్జెక్ (ఆ సిస్టమ్ గుండెకాయ) ఎక్కడుందో అందరూ అక్కడే చూసుకుంటారు.

లాగ్ అని ఎందుకింత సతాయిస్తున్నానంటే, డాస్ రోజుల్లో కోఠీ దగ్గర ఒక ఆఫీసులో టర్బో సీలో జీతాల ప్రోగ్రాం రాశాం. అది ముగిసినప్పుడల్లా తెర మీద 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అని వచ్చేది, అంటే నల్ పాయింటర్‌తో ఎక్కడో రాశామని. "పని అయ్యాకే కదా వస్తోంది, పోనీ" అన్నాడు టీమ్ లీడర్. తర్వాత ప్రోగ్రాం పెరిగి, ఎక్కువ మెమరీ వాడుకోనిచ్చే లార్జ్ మోడల్‌కి మార్చాం. మెసేజ్ మాయం! ఆయన సంబరంగా అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. తప్పు అలాగే ఉంది, చెప్పే నోరు మూతపడింది. చిన్న మోడల్‌లో మా డేటా సెగ్మెంట్ (ప్రోగ్రాం సొంత డేటా ఉండే చోటు) మొదట్లో పడే రాత, లార్జ్‌లో నేరుగా మెమరీ మొదటి 1,024 బైట్లలోని ఇంటరప్ట్ వెక్టర్ల మీద పడింది, అంటే ఏదైనా జరిగితే మెషీన్ ఎక్కడికెళ్లాలో చెప్పే అడ్రస్‌ల మీద. అందులో మొదటి నాలుగు బైట్లు సున్నాతో భాగిస్తే ఎక్కడికెళ్లాలో చెప్పేవి. రోజూ బాగానే నడిచేది. ఒక నెల ఎవరికో పనిదినాలు సున్నా పడ్డాయి, మెషీన్ బిగుసుకుపోయింది. వెక్టర్ సరిగ్గా ఉంటే 'డివైడ్ ఎర్రర్' అని చెప్పి బయటికొచ్చేసేది. తిట్లన్నీ భాగహారం రాసిన కుర్రాడికి పడ్డాయి. నీ వయసే ఉండేది వాడికి.

ఇంకోటి. ఎంఎంయూ మెమరీని సాధారణంగా 4,096 బైట్ల పేజీలుగా చూస్తుంది, అమీగా 8 బైట్ల లెక్కన పంచుతుంది. ఒకే పేజీలో నలుగురి సామాన్లుంటాయి. ఎవరి పేజీలు వాళ్లకిచ్చే అలొకేటర్ (మెమరీ పంచే కోడ్) రాయకుండా గోడల మాటెత్తకు. అక్కడే ఏడుపొస్తుంది నీకు. వస్తే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా పర్లేదు.

ఆదివారం లాగ్ ప్రింట్ తీసుకుని మలక్‌పేట రా, స్క్రీన్ చూస్తే నాకు కళ్లు లాగుతున్నాయి. అత్తయ్య పెసరట్లు వేస్తానంది.

మావయ్య