చెక్క పిట్ట బ్రోచ్ శిబిరంలో చేసిందేనా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో పాత సామాన్ల అంగడిలో చిన్న చెక్క పిట్ట బ్రోచ్ (బట్టలకు పెట్టుకునే అలంకార పిన్ను) కొన్నాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపనీస్ అమెరికన్లను బంధించిన శిబిరంలో చేసిందన్నారు. నమ్మొచ్చా? రంగు పెచ్చులూడుతోంది, ఏం చెయ్యాలి?

జవాబు: ముందుగా పిట్ట కాళ్లు చూడండి. 1942 నుంచి అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మందిని అరిజోనాలోని పోస్టన్ వంటి పది శిబిరాల్లో ఉంచింది. అక్కడ పిట్టల బొమ్మలకు పాత పెట్టెల చెక్కే ఆధారం. కిటికీ దోమతెర బిగించాక మిగిలిన తీగ ముక్కలే కాళ్లయ్యాయి. పత్రికల్లోని పక్షి చిత్రాలు చూసి ఆకారం గీసుకుని, కోసి, చెక్కి, గరుకు కాగితంతో నునుపు చేసి, రంగు వేసి, వెనక పిన్ను అతికించేవారు. చెక్క నార తోక పొడవునా సాగాలి. అడ్డంగా ఉంటే ఆ పల్చటి తోక పుటుక్కున విరుగుతుంది. తోక అతికించిన గుర్తుంటే కారణం అదే కావచ్చు.

అయితే తీగ కాళ్లొక్కటే రుజువు కాదు. కొందరు విడుదలయ్యాక కూడా ఏళ్ల తరబడి ఇవే పిట్టలు చేసి అమ్మారు. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా తెలిస్తేనే శిబిరంలో చేసిందని నమ్మండి. అంగడివాళ్ల మాట రుజువు కాదు!

రంగు సంగతికొస్తే, తడిగుడ్డ, స్పిరిట్ రెండూ వద్దు. స్పిరిట్‌కు పాత వార్నిష్ కరుగుతుంది, తడికి చెక్క ఉబ్బి పెచ్చులు మరింత లేస్తాయి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి చాలు. కొత్త రంగు మాత్రం వెయ్యకండి.