ముందు ఎవరూ లేరు, బ్రేకు ఎవరు వేశారు?

ప్రశ్న: నేను సూర్యాపేటలో హైస్కూలు టీచర్ని. ఎనిమిది నెలల కిందట లోను పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. అడాస్ (ముందున్నవి చూసి తనే వేగం తగ్గించే, బ్రేకు వేసే ఏర్పాటు) ఉన్న మోడల్. అమ్మాయి హైదరాబాదులో చదువుతోంది కాబట్టి నెలకు రెండుసార్లు వెళ్లొస్తుంటాం. ఈ మధ్య నెల రోజుల్లోనే కారు మూడుసార్లు తనంతట తాను ఆగబోయింది.

మొదటిసారి కేతేపల్లి దాటాక. క్రూయిజ్ (కాలు నొక్కకుండానే వేగం నిలబెట్టేది) 90లో పెట్టాను. ముందు బండి లేదు, మనిషి లేడు. రోడ్డుకు అడ్డంగా పైన ఊళ్ల పేర్ల బోర్డు ఉంది, అంతే. టక్కున ఎర్ర గుర్తు వెలిగి, బీప్ బీప్‌మని, కారు గట్టిగా బ్రేకు వేసింది. రెండోసారి ఎడమ లైన్లో ఆయిల్ ట్యాంకరు పోతుంటే దాన్ని దాటబోయాను. ఈసారి శబ్దమేమీ లేదు, 90 నుంచి 60కి మెల్లగా దిగిపోయింది. మూడోసారి చిట్యాల దగ్గర, సాయంత్రం అయిదున్నరకు. చిన్నగా టింగ్‌మంది, వెంటనే ఎవరో వెనక్కి లాగినట్టు స్పీడు పడిపోయింది. వెనకున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు హారన్ కొట్టి, పక్కకొచ్చి నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ పెట్టి చూసి, "ఎర్రర్ ఏమీ లేదు సార్, సిస్టమ్ అలాగే పనిచేస్తుంది" అన్నారు. మా ఆవిడ ముందు సీట్లో కూర్చోనంటోంది. ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలీదు. నెలన్నర కిందట ఆటో తగిలి ముందు బంపర్ గీసుకుపోతే బయట షెడ్డులో పుట్టీ పెట్టించి పెయింట్ వేయించాను. వాళ్లే ముందు ఒక చిన్న స్టీలు గార్డు కూడా బిగించారు. టెన్షన్ లేకుండా ఈ కారు నడపడం ఎలా?

జవాబు: మాస్టారూ, మూడు సంఘటనల్నీ విడివిడిగా రాసి మీరు నా పని సగం చేసేశారు. చాలామంది "కారు దానంతట అదే బ్రేకు వేసింది" అని ఒక్క ముక్కలో చెప్తారు. సర్వీస్ సెంటర్ వాళ్లకూ ఆ ఒక్క ముక్కతో చెప్పడానికి ఏమీ ఉండదు. మీ కారు చేసినవి మూడూ ఒకటే పని కాదు. మీ చివరి వాక్యాల్లో ఉన్న ఆ బంపర్ సంగతి మొదటే రాయాల్సింది!

నేను బెజవాడ ఆటోనగర్లో లారీల ఎయిర్ బ్రేకులు విప్పుతూ పని నేర్చుకున్నవాణ్ని. అప్పట్లో బ్రేకు పడకపోవడమే జబ్బు. అడక్కుండా పడే బ్రేకుకు మందు వెతకాల్సి వస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

కేతేపల్లి దగ్గర పడింది అత్యవసర బ్రేకు. ఎర్ర గుర్తు, బీప్ దాని ఆనవాళ్లు. ఇది క్రూయిజ్‌లో భాగం కాదు. క్రూయిజ్ ఆపేసినా వెనకాల మేలుకునే ఉంటుంది. దీనికి కళ్లు రెండు: ముందద్దం లోపల, వెనక బండ్లు చూసుకునే అద్దం చాటున ఉన్న కెమెరా, బంపర్ వెనకో లోగో వెనకో ఉండే రాడార్. రాడార్ ఎదుటివస్తువు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దగ్గరవుతోంది అన్నది చక్కగా చెప్తుంది. ఎత్తు దగ్గరే తడబడుతుంది, అందులోనూ పాత రకం రాడార్లు మరీను. మీరు 90లో పోతున్నప్పుడు కదలనిదేదైనా, రోడ్డు పక్క స్తంభమైనా, డివైడర్ రెయిలింగైనా, నెత్తిమీది బోర్డైనా, ఆగిపోయిన లారీ అయినా, దానికి 90 వేగంతో మీదికొస్తున్నట్టే. కదలనివన్నీ వదిలేద్దామంటే రాత్రిపూట లైటు లేకుండా, వెనకాల ఒక చెట్టుకొమ్మ పెట్టి నిలిపిన లారీని కూడా వదిలేసినట్టవుతుంది. అన్నిటికీ ఆగుదామంటే బోర్డు బోర్డుకూ బ్రేకే. కెమెరా వచ్చి "అది పైన ఉంది, పోనీ" అని చెప్పాలి. ఆ తీర్పు కుదరని ఒక్క క్షణంలో మీకు జరిగినట్టు జరుగుతుంది.

ఇప్పుడు మీ పుట్టీ దగ్గరికి వద్దాం. ఈ రాడార్లు 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అంటే తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు. అంత చిన్న తరంగానికి మిల్లీమీటరు మందం పుట్టీ కూడా అడ్డే. ప్లాస్టిక్ బంపర్ గుండా చూసేలా కంపెనీవాళ్లు దాని మందం, పెయింటు లెక్కచూసి పెడతారు. పైగా బంపర్ విప్పి బిగించేటప్పుడు రాడార్ కాస్త పైకి లేచిందనుకోండి. ఒక్క డిగ్రీ చాలు, 100 మీటర్ల దూరంలో అది పావు తక్కువ రెండు, అంటే 1.75 మీటర్లు పైకి చూస్తుంది. మామూలుగా పట్టించుకోని బోర్డు మీద దాని చూపు పడుతుంది. ఇక ఆ స్టీలు గార్డు. ఇనుమును దాటి రాడార్ చూడలేదు. అయినా ముందు గార్డులు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఈ వారమే విప్పించండి.

(కొత్త కారు పూజ చేయించేవారికి ఒక మాట. దుర్గమ్మ గుడి దగ్గర బంపర్‌కు కట్టిన బంతిపూల దండ, వేలాడే నిమ్మకాయలు, మిరపకాయలు ఫొటో దిగాక తీసేసి క్రూయిజ్ వేసుకోండి. అమ్మవారు ఏమీ అనుకోదు. ముందద్దం మీద దేవుడి స్టిక్కరు, ఫాస్టాగ్ కూడా కెమెరాకు అడ్డం రాకుండా పక్కకు అతికించండి.)

ట్యాంకరు సంగతి వేరు. శబ్దం లేదు, గట్టి బ్రేకు లేదు, సరిగ్గా 60 దగ్గర నిలబడింది. నా అనుమానం ఆ ట్యాంకరు వెనక గుండ్రంగా రాసిన "60" మీద. మన నిబంధనల ప్రకారం ట్యాంకర్లకు స్పీడ్ గవర్నర్ 60కి కట్టేయాలి, ఆ అంకె వాటి వెనక రాసుకుంటారు. కొన్ని కార్లలో కెమెరా రోడ్డు పక్క స్పీడు బోర్డులు చదివి క్రూయిజ్‌ను దానికి తగ్గట్టు సర్దే సౌకర్యం ఉంటుంది. అది ట్యాంకరు వీపు మీది అంకెకూ, రోడ్డు బోర్డుకూ తేడా పట్టలేదు. సర్వీసు రోడ్డు పక్కనున్న 40 బోర్డు చూసి మెయిన్ రోడ్డు మీద తగ్గే కార్లు కూడా ఉన్నాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్పీడు బోర్డును బట్టి క్రూయిజ్ మారే ఆప్షన్ ఉంటే ఆపేయండి. బోర్డు చూపించే పని మాత్రం ఉంచుకోండి.

చిట్యాల దగ్గరి ఘటన మీకు బ్రేకులా అనిపించింది గానీ అది బ్రేకు కాదు. సాయంత్రం హైదరాబాదు వైపు పోతుంటే ఎండ సూటిగా ముందద్దంలో పడుతుంది. కెమెరాకు కళ్లు బైర్లు కమ్మి ఉంటాయి, అది "నావల్ల కాదు" అని టింగ్‌మని క్రూయిజ్ వదిలేసింది. డీజిలు కారైతే క్రూయిజ్ తెగితే బండి దొర్లుకుంటూ పోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. మీ కారులో మీ కాలు యాక్సిలరేటర్ మీద లేదు, రీజెన్ ఫుల్‌లో ఉండి ఉంటుంది. రీజెన్ అంటే, కాలు తీసేస్తే మోటారే జనరేటరై బ్యాటరీ నింపుతూ బండిని వెనక్కి పట్టుకుంటుంది. ఎవరో లాగినట్టు ఉందన్నారే, ఆ లాగింది మీ మోటారే. ఇది ఎలక్ట్రిక్ కార్ల వాళ్లకే వచ్చే తంటా. రీజెన్ వల్ల ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1.3 మీటర్లకు మించి తగ్గితే బ్రేకు లైటు వెలగాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఉంది. అంతకన్నా మెత్తగా తగ్గితే వెలగకపోవచ్చు. కాబట్టి ఆ బస్సు డ్రైవరు చూపును మరీ మనసుకు పట్టించుకోకండి, ఆయనకు మీ లైటు ఆలస్యంగా కనిపించి ఉంటుంది.

హైవే ఎక్కగానే రీజెన్‌ను తక్కువ లెవెల్లో పెట్టండి. క్రూయిజ్‌లో ఉన్నా కుడికాలు యాక్సిలరేటర్ మీద ఊరికే ఆనించి ఉంచండి, నొక్కకుండా. అకారణంగా బండి తగ్గబోతే కాస్త నొక్కితే చాలు, క్రూయిజ్ మీ మాటే వింటుంది. కాలు బ్రేకు మీద పెట్టుకు కూర్చోవద్దు, కంగారులో ఇంకా గట్టిగా తొక్కుతారు. సాయంత్రం ఎండకు ఎదురుగా పోయే ఆ గంట మాత్రం క్రూయిజ్ జోలికి వెళ్లకండి.

సర్వీస్ సెంటర్‌కు మళ్లీ వెళ్లినప్పుడు నోటిమాటగా చెప్పొద్దు. తేదీ, టైము, చోటు, స్పీడు, ఎండ ఎటువైపు, శబ్దం వచ్చిందా లేదా, ఒక్కో ఘటన ఒక్కో కాగితం. రాడార్, కెమెరా రెండింటినీ క్యాలిబ్రేట్ చేయమని, అంటే వాటి చూపు గురి సరిచేయమని, జాబ్ కార్డులో రాయించండి. బంపర్ కంపెనీ బంపరా, రిపేరు బంపరా అని అడిగితే నిజం చెప్పండి. "సిస్టమ్ అలాగే పనిచేస్తుంది" అన్న మాటను కూడా కాగితం మీద రాసిమ్మనండి, సగంమంది అక్కడే మళ్లీ చూస్తామంటారు. అప్పటికీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కేంద్రం వాహన్ పోర్టల్లో కూడా బండి లోపం నమోదు చేయొచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ ప్రకారం, ఒకే లోపం మీద ఇంతమంది ఫిర్యాదు చేశారని తేలితే ప్రభుత్వమే కంపెనీతో బండ్లు వెనక్కి పిలిపించవచ్చు. అక్కడ మీరు రాసిన నాలుగు వాక్యాలు ఒక అంకె అవుతాయి.

ఇది అచ్చుకు వెళ్లేలోపు మాస్టారు ఫోన్ చేశారు. గార్డు తీసేసి, కొత్త బంపర్ వేయించి, క్యాలిబ్రేషన్ చేయించారట. రెండుసార్లు వెళ్లొచ్చారు, బోర్డుల కింద ఇబ్బంది రాలేదట. ట్యాంకరు దగ్గర మాత్రం ఆప్షన్ ఆపడం మర్చిపోయి మళ్లీ 60కి దిగారట. ఆవిడ ఇంకా వెనక సీట్లోనే.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కో వైపు ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు, వాళ్లను హ్యూస్టన్ తీసుకెళ్తూ 45 నంబరు ఇంటర్‌స్టేట్ మీద 75 మైళ్లలో ఉండగా మా ఎలక్ట్రిక్ కారు ఉన్నట్టుండి 55కి పడిపోయింది. మిట్టమధ్యాహ్నం, ఖాళీ రోడ్డు, దూరాన ఎండమావులు. నాన్న ఒళ్లో పులిహోర డబ్బా ముందు సీటుకు కొట్టుకుంది. మా కారులో రాడార్ లేదు, అన్నీ కెమెరాలే. కంపెనీవాళ్లు అప్‌డేట్ వస్తుందంటారు. ఇది నాకొక్కదానికేనా?

జవాబు: లేదమ్మా. మీ కారు పేరు ఇక్కడ రాయను, కానీ అమెరికా రోడ్డు భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్ఏ) రికార్డులో ఉన్నది చెప్తాను. టెస్లా 2021 మేలో ఉత్తర అమెరికాలో మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడార్ తీసేసి కెమెరాల మీదే నడపడం మొదలుపెట్టింది. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ 2021, 2022 మోడళ్ల మీద విచారణ తెరిచింది. సుమారు 4,16,000 కార్లు, తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు. అదే ఏడాది మే నాటికి ఫిర్యాదులు 758. అంతకు ముందు 2021 అక్టోబరులో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్లే అనవసరంగా బ్రేకు పడుతోందని 11,704 కార్లను రికాల్ చేశారు, సరిచేసింది కూడా ఇంకో అప్‌డేటే. జబ్బు కెమెరా కార్లకే పరిమితమనుకోకండి. అదే 2022 ఫిబ్రవరిలో హోండా పెట్రోలు కార్ల మీద కూడా ఇలాంటి విచారణే మొదలైంది, సుమారు 17 లక్షల కార్లు. వాటిలో రాడార్ ఉంది.

ఈ అంకెలు చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది: నాలుగు లక్షల కార్లలో 354 మంది రాశారు గనకే ఆ ఫైలు తెరుచుకుంది. మిగతావాళ్లు మన ఇళ్లలోలాగే వాట్సాప్‌లో తిట్టుకుని ఊరుకుని ఉంటారు. మీరు ఆ సంస్థ వెబ్‌సైట్లో కారు గుర్తింపు సంఖ్య వీఐఎన్‌తో (అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి) ఫిర్యాదు రాయండి, పది నిమిషాల పని. ఆ రోజు కారు కెమెరా వీడియో చెరిగిపోకముందే దాచుకోండి.

ఎండమావుల గురించి మీ అనుమానం తీసిపారేసేది కాదు. రాడార్ లేని కారు దూరాన్ని బొమ్మను బట్టే అంచనా కట్టాలి. వేడికి వణికే రోడ్డు, వంతెన నీడ, దూరంగా ఎదురొచ్చే ట్రక్కు దాని అంచనాను తప్పించగలవు. అక్కడ 2024 ఏప్రిల్లో వచ్చిన నిబంధనలో అత్యవసర బ్రేకు అన్ని కొత్త కార్లలో ఉండాలని, 2029 సెప్టెంబరు గడువని రాశారు. దాంతోపాటు అనవసరంగా పడకూడదని కూడా రెండు పరీక్షలు పెట్టారు: రోడ్డు మీద పరిచిన ఇనుప రేకు దాటేటప్పుడు, పక్కపక్కన ఆపిన రెండు కార్ల మధ్యనుంచి పోయేటప్పుడు. పులిహోర పరీక్ష ఇంకా పెట్టలేదు.

ప్రశ్న: విశాఖ నుంచి పాడేరు మీదుగా లంబసింగి వెళ్లాలనుకుంటున్నాం. ఘాట్ రోడ్డులో అడాస్ క్రూయిజ్ పనికొస్తుందా?

జవాబు: వద్దు. మలుపులో ఎదురొచ్చే లారీ కారుకు తన దారిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, పొగమంచులో కెమెరాకు ఏమీ కనిపించదు. మీరే నడపండి. దిగేటప్పుడు రీజెన్ ఫుల్‌లో పెట్టుకుంటే బ్రేకులు వేడెక్కవు. అయితే బ్యాటరీ 100 శాతం నిండి ఉంటే రీజెన్ పట్టదు, నింపుకోవడానికి చోటుండదు కదా. పైన చార్జర్ దొరికినా 80 దగ్గర ఆపేసి దిగండి.