స్కోప్ సంగతి: గేమ్ తయారుచేస్తున్న అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన గేమ్ ఆడి చూశాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్టాలిన్‌గ్రాడ్‌లో కూలిన గోడలు, మంచు, పొగ అన్నీ బాగా కుదిరాయి. కానీ ఆ రష్యా సైనికుడి మోసిన్ రైఫిల్ మీద నువ్వు పెట్టిన స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఆ యుద్ధం జరిగిన 1942 నాటిది కాదు. అందులో జూమ్ 3 రెట్ల నుంచి 9 రెట్ల దాకా మారుతోంది, గీతల మీద దూరం అంచనా కట్టే మిల్ డాట్ చుక్కలున్నాయి. జూమ్ మారే స్కోప్‌ను అమెరికా స్నైపర్లు వాడింది వియత్నాంలో. ఆ చుక్కలు ఇంకా తర్వాతి మాట. ఆర్మీలో ఉన్నన్నాళ్లు ఇలాంటి అద్దాలు విప్పి బిగించడమే నా పని కాబట్టి, ఇవి చూస్తే ఊరుకోలేను.

ఆ రైఫిల్‌కు పీయూ అనే రష్యా స్కోప్ పెట్టు. దానిది 3.5 రెట్లు, అంతే, పెరగదు, తగ్గదు. లోపల సన్నని ప్లస్ గుర్తు ఉండదు. కింది నుంచి మొన తేలిన లావు కడ్డీ ఒకటి, రెండు పక్కల నుంచి రెండు అడ్డ కడ్డీలు వస్తాయి. మధ్యలో ఖాళీ. పై నుంచి ఏ కడ్డీ రాదు. స్కోప్ మీదున్న, దూరం మార్చే డ్రమ్ము మీద 1 నుంచి 13 దాకా అంకెలుంటాయి, 4 అంటే 400 మీటర్లు. ఇక్కడే గేమ్‌లు చేసేవాళ్లు దాదాపు అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. ఆ డ్రమ్ము తిప్పితే లోపలి కడ్డీలే కదులుతాయి. దూరం మార్చిన కొద్దీ గురి మొన అద్దం నడిమధ్య నుంచి జరిగిపోతుంది. బ్రిటిష్ వాళ్ల నంబర్ 32 స్కోప్‌లోనూ ఇంతే. ఈ ఒక్కటి చేసి చూపించావంటే తెలిసినవాడు నీ గేమ్‌ను వదలడు.

స్కోప్ వచ్చిందంటే రైఫిల్ కూడా మారుతుంది. మామూలు మోసిన్‌కు తూటా ఎక్కించడానికి లాగే బోల్టు పిడి తిన్నగా పక్కకు ఉంటుంది. పైన స్కోప్ ఉంటే అది తగులుతుంది కాబట్టి స్నైపర్ రైఫిల్‌కు పిడిని కిందికి వంచారు. తూటాలు వరసగా పట్టి ఉంచే క్లిప్‌తో ఐదు తూటాలూ ఒకేసారి తోయడానికి కూడా స్కోప్ అడ్డం. ఒక్కొక్కటే పెట్టుకోవాలి. నీ గేమ్‌లో రెండు సెకన్లలో ఐదూ దిగిపోతున్నాయి. ఆ ఒక్కొక్క తూటా పెట్టేటప్పుడు ఆటగాడికి పట్టే టెన్షన్‌ను నువ్వే పోగొడుతున్నావు. జపాన్ వాళ్లు మాత్రం స్కోప్‌ను ఎడమ పక్కకు జరిపి బిగించారు, వాళ్లకు క్లిప్ పడుతుంది.

జర్మన్ల జెడ్‌ఎఫ్ 41ను అందరూ స్నైపర్ స్కోప్ అనుకుంటారు. అది 1.5 రెట్లే. కంటికి దూరంగా, వెనక సైట్ (ఇనుప గురి) ఉండే చోట బిగిస్తారు, అందులో చూపు చిన్న వలయమంతే ఉంటుంది. నీ జర్మన్ స్నైపర్‌కు 4 రెట్ల స్కోప్ ఇవ్వు, సరిపోతుంది. పెద్ద జూమ్ కావాలని అంత మోజుంటే కథను పసిఫిక్‌కు తీసుకుపో. అక్కడ అమెరికా మెరైన్ల దగ్గర 8 రెట్ల ఉనెర్టల్ స్కోప్ ఉంది.

3.5 రెట్లంటే ఎంతో కంటితో చూసి తెలుసుకో. పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద నీ దోస్తును 115 మీటర్ల దూరంలో నిలబెట్టు. 400 మీటర్ల దూరంలో ఉన్న మనిషి ఆ స్కోప్‌లో సుమారుగా అంతే కనిపిస్తాడు. ముఖం గుర్తుపట్టడం కూడా కష్టమే. నీ గేమ్‌లో శత్రువు చొక్కా గుండీలు కనిపిస్తున్నాయి! అదే కట్ట మీద ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బైనాక్యులర్‌తో చూడు, గాలి అలలు అలలుగా కదలడం ఎంత పెద్దగా కనిపిస్తుందో. ఎడారి లెవల్‌కు అది పనికొస్తుంది.

కన్ను కొంచెం జరిగితే అంచున నల్లటి నెలవంక నీడ రావాలి. చలిలో ఊపిరి తగిలి అద్దం మసకబారాలి. 1939-40లో ఫిన్లాండ్ సైనికుడు సిమో హైహా అసలు స్కోపే వద్దని ఐరన్ సైట్‌తో, అంటే రైఫిల్ మీదుండే మామూలు ఇనుప గురితో కొట్టాడు. స్కోప్ వాడితే తల ఎత్తాలి, మంచులో అద్దం మసకేస్తుంది, ఎండ తగిలితే మెరుస్తుంది. మెరుపు అంటే గుర్తొచ్చింది, నీ గేమ్‌లో ప్రతి స్కోపూ నక్షత్రంలా ఎప్పుడూ మెరుస్తూనే ఉంది. సూర్యుడు అద్దానికి ఎదురుగా ఉన్నప్పుడే మెరవనివ్వు.

తర్వాత మన నల్గొండ సాయుధ పోరాటం మీద ఒక లెవల్ చేస్తానన్నావు. చాలా సంతోషం. కానీ అందులో మన గెరిల్లాల చేతికి స్కోప్ ఇవ్వకు బిడ్డా. ఊళ్లల్ల జనం మొదట వడిసెలలు, కర్రలు, కారంపొడితో నిలబడ్డారు. తర్వాత బర్మార్లు అనే నాటు తుపాకులు, గుంజుకున్న రైఫిళ్లు వచ్చాయి. వడిసెలలో రాయి తిరిగే వేగం, వదిలే క్షణం సరిగ్గా పట్టుకుంటే ఏ స్కోపూ అక్కర్లేదు. మన దగ్గర వడిసెల తిప్పి పిట్టలు తోలిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, చేయి ఎట్లా తిప్పుతారో వీడియో తీసుకో.

ముందు పీయూ కడ్డీలు, డ్రమ్ము సరిచెయ్. జర్మన్ రైఫిల్ తర్వాత చూద్దాం. కడ్డీల కొలతలు కాగితం మీద గీసి నీ ఫోన్‌కు పంపుతాను.

ఇట్లు
మీ మామ,
నల్గొండ