నల్లోడి బాకీ చిన్ని మీద తీర్చబోయాను

"ఇంట్లో పిల్లి పోయి నెలే అయింది. పన్నెండేళ్ల లాబ్రడార్‌కి ఒంట్లో బాగుండటం లేదు. ఈ ఏడుపులో దాన్ని ఎలా చూసుకోవాలి?" అని మీరు అడిగారు. నాకు అచ్చం ఇలాగే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. మా నల్లోడు ఆరేళ్ల మగ పిల్లి. మా పమేరియన్ కుక్క చిన్నికి అప్పటికి పదమూడేళ్లు. నల్లోడు ఒక ఆదివారం తెల్లవారుజామున పోయాడు. అంతకు ముందు రోజంతా ఇసుక ట్రేలోకి వెళ్లడం, ముక్కడం, బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. మలబద్ధకం అనుకున్నాను. రేపు తగ్గుతుందిలే అని పడుకున్నాను. అది మలబద్ధకం కాదు, వాడికి మూత్రం ఆగిపోయింది. మగ పిల్లుల్లో ఆ దారి చాలా సన్నం. చిన్న రాయి అడ్డుపడినా ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఈ సంగతి నాకు వాడు పోయాక తెలిసింది. మగ పిల్లి ఉన్న ఎవరు కనిపించినా ఇప్పుడు ఇదే చెబుతాను: పదే పదే కూర్చుంటున్నా చుక్క పడటం లేదంటే తెల్లారేదాకా ఆగకండి.

చిన్నికి గుండె కవాటం జబ్బు. చిన్న జాతి కుక్కలకి ముసలితనంలో ఇది మామూలేనట. గుండెకి బలమిచ్చే పిమోబెండాన్ మాత్ర రెండు పూటలా, ఒంట్లో నీరు తీసే మాత్ర ఒకటి. అంతకు ముందు ఏడాదిగా ఆ మందులతో బాగానే నెట్టుకొస్తోంది. నల్లోడు పోయాక మాత్రం అది దగ్గితే చాలు, నా గుండె జారిపోయేది. పది రోజుల్లో నాలుగుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండుసార్లు రక్తం తీయించాను, ఒకసారి ఎక్స్‌రే. ప్రతిసారీ అది బల్ల మీద వణికిపోయేది, నా మోచేతి మడతలో మొహం దాచుకునేది.

నాలుగోసారి రాత్రి ఒంటిగంటకు. ఇంత ఊళ్లో ఆ వేళకి తెరిచి ఉన్న పశువుల డాక్టరు కోసం నాలుగు ఫోన్లు చేయాల్సి వచ్చింది. మనిషికైతే వీధికో నర్సింగ్ హోమ్ ఉంది, మూగజీవికి మాత్రం జబ్బు పగలే రావాలి. సరే, ఆటోలో వెళ్లాం. డాక్టరుగారు పెద్దాయన. నాలుక రంగు చూశారు, స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఇంజెక్షన్ ఇవ్వలేదు. "కాసేపు ఆ బెంచీ మీద కూర్చోండమ్మా, అది నిద్రపోతే చెప్పండి" అన్నారు. అరగంటకి నా ఒళ్లో పడుకుంది. ఆయన వచ్చి గడియారం చూసుకుంటూ డొక్క పైకీ కిందికీ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టారు. నిమిషానికి 22. "నిద్రలో ముప్ఫై దాటకపోతే ఇంట్లోనే ఉంచండి. దాటితే వెంటనే రండి" అన్నారు. తర్వాత, "మీకేమైందమ్మా?" అని అడిగారు. నల్లోడి సంగతంతా చెప్పి అక్కడే ఏడ్చాను. వాడిని తీసుకెళ్లని ఆ ఒక్క రాత్రికి బదులుగా దీన్ని అన్ని రాత్రులూ తిప్పుతున్నానని ఇంటికి వస్తూ ఆటోలో అర్థమైంది. మీ ప్రశ్న చదివితే మీరూ ఆ దారిలోనే ఉన్నారనిపిస్తోంది. ఇంకో టెస్టు రాయించుకునే ముందు, అది కుక్క కోసమా, పిల్లి కోసమా అని ఒక్కసారి ఆలోచించుకోండి.

మర్నాటి నుంచి పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనక పేజీలు తీసుకున్నాను. రోజూ రాత్రి చిన్ని నిద్రపోయాక పక్కన నేల మీద కూర్చుని లెక్కపెట్టేదాన్ని. 24, 21, 26. నా ఏడుపు కూడా ఆ కాసేపట్లోనే అయిపోయేది. దుఃఖానికి వేరే సమయం, సేవకి వేరే సమయం కుదరవు, నాకు కుదరలేదు.

కుక్కకి ఏం తెలుస్తుందిలే అంటారు. తెలుస్తుంది. నల్లోడు వాషింగ్ మెషిన్ మీద పడుకునేవాడు. చిన్ని రోజూ సాయంత్రం వెళ్లి దాని ముందు నిలబడి తలెత్తి చూసేది. అన్నం సగానికి సగం తగ్గించేసింది. చేత్తో తినిపిస్తే తినేది. మీ లాబ్ తినకపోవడంలో జబ్బు ఎంతో, బెంగ ఎంతో కూడా చూడండి.

నీరు తీసే మాత్ర వేస్తుంటే ఇంట్లోనే ఎక్కడపడితే అక్కడ పోసేస్తుంది. తిట్టకండి, నీళ్లు తగ్గించకండి. పాత లుంగీలు పరవండి. నున్నటి టైల్స్ మీద ముసలి కుక్క కాళ్లు జారి చతికిలబడుతుంది, గోనెపట్టాలైనా వేయండి. ఇళ్లు కట్టేవాళ్లు అద్దంలా మెరవాలని చూస్తారు గానీ ముసలివాళ్లు నడవాలని ఎందుకు అనుకోరో! మా పక్కింటాయన "జ్వరంలా ఉంది, పారాసిటమాల్ వేయండి" అని ఇచ్చారు. మనుషుల మాత్రలు డాక్టరు చెప్పకుండా వేయకండి, కాలేయం పాడైపోతుంది. మా ఆడపడుచు రెండు వారాలకే ఒక కుక్కపిల్లను తెస్తానంది. వద్దన్నాను. ముసలిదాని చెవులు కొరుకుతూ, దాని గిన్నెలో మూతి పెట్టే పిల్లని ఆ సమయంలో తేవడం చిన్నికి శిక్ష. "కుక్కే కదా" అన్నవాళ్లకి నేను సమాధానం చెప్పడం మానేశాను.

ఏడు నెలల తర్వాత ఒక రాత్రి 41 వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను, 43. ఆటో పిలిచాను. ఆ రోజు నా చేతులు వణకలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. ఆటో దిగగానే నేరుగా వెళ్లి వాషింగ్ మెషిన్ పక్కన పడుకుంది. ఆ తర్వాత ఇంకో ఐదు నెలలు మాతో ఉంది. పాల పుస్తకంలో ఆఖరి అంకె 28.