సీలింగ్ అతుకును పట్టేది లప్పం కాదు, టేపు

ప్రశ్న: మేస్త్రి గారూ, కావలిలో ఇల్లు కట్టుకుని హాల్లో జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ చేయించాం. ఆరు నెలలకే అతుకుల వెంబడి సన్నటి గీతలు పడ్డాయి. పెయింటరు రెండుసార్లు లప్పం పెట్టి రంగు వేసినా మళ్లీ అక్కడే చీలింది. సాయంత్రం లైటు వేస్తే ఒక అతుకు ఉబ్బుగా కూడా కనబడుతోంది. మొత్తం ఊడదీయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఊడదీయక్కర్లేదమ్మా. ముందు ఫ్యాను ఆపి, నిచ్చెన వేయించి, గీతకు అటూ ఇటూ అరచేత్తో పైకి నొక్కి చూడమనండి. బోర్డు కదిలితే స్క్రూలు చాలలేదన్నమాట. 9 అంగుళాలకు ఒకటి చొప్పున, పైనున్న ఇనుప సెక్షన్లోకి (ఫ్రేము పట్టీలోకి) దిగేలా వేయించండి. స్క్రూ తల బోర్డు కాగితాన్ని చింపకుండా కాస్త లోపలికి దిగితే చాలు.

కదలకపోతే గీత మీద బ్లేడుతో గీకించండి. అడుగున టేపు ఉందో లేదో తెలుస్తుంది. నేను రిపేరుకు వెళ్లిన ఇళ్లలో చాలాచోట్ల టేపే ఉండదు. సందులో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కూరి, పైన లప్పం లాగేసి ఉంటారు. లప్పం గట్టిపడుతుంది గానీ లాగుడుకు ఆగదు. ఎండకూ తేమకూ ఫ్రేము, బోర్డు ఎంతో కొంత కదులుతూనే ఉంటాయి. ఆ లాగుడును ఓర్చుకునేది టేపు.

పాత లప్పం అంతా గీకేసి, దుమ్ము తుడిచి, జాయింటింగ్ కాంపౌండ్ (అతుకులకు వాడే ముద్ద) పల్చగా పరిచి, అది పచ్చిగా ఉండగానే పేపర్ టేప్ అంటించాలి. టేపు మధ్యలో మడత గీత ఉంటుంది. అది సందు మీదకు రావాలి. బ్లేడు వాల్చిపట్టి మధ్య నుంచి రెండు పక్కలకూ లాగుతుంటే కాంపౌండ్ అంచుల్లోంచి సన్నగా పొంగుతుంది. అలా పొంగని చోట టేపు కింద గాలి ఉన్నట్టే. ఆరాక బుడగ లేస్తుంది, అప్పుడు కోసి మళ్లీ వేయాల్సిందే. సీలింగ్‌కు నేను వలలా ఉండే జాలీ టేపు కన్నా పేపర్ టేపునే నమ్ముతాను.

దాని మీద కాంపౌండ్‌నే ఇంకో రెండు పూతలు (కోట్లు), ఒకదాని కన్నా ఒకటి వెడల్పుగా. చివరిది అడుగు వెడల్పు ఉండాలి. ఉబ్బు సంగతికొస్తే, అది బహుశా కోసిన అంచుల అతుకు. బోర్డు పొడవాటి అంచులు కంపెనీలోనే పల్చగా వస్తాయి కాబట్టి టేపు ఆ పల్లంలో ఇముడుతుంది. కోసిన అంచుకు ఆ పల్లం ఉండదు. అక్కడ కాంపౌండ్‌ను రెండడుగుల దాకా పల్చగా సాగదీయాలి. ఎమరీ పేపర్ పట్టేటప్పుడు టార్చిలైటును పక్కనుంచి సీలింగ్‌కు ఆనించి వేయమనండి. పగటి వెలుగులో దాక్కున్న ఎత్తుపల్లాలన్నీ నీడలుగా బయటపడతాయి.

తొందర మాత్రం పడనివ్వకండి. కొన్నేళ్ల కిందట నెల్లూరు వేదాయపాళెంలో కార్తీకమాసంలో ఒక పని ఒప్పుకున్నాను. బయట వాన, ఇంటివాళ్లకు గృహప్రవేశం టెన్షన్. మొదటి కోటు ఆరకుండానే రెండోది పట్టించేశాను. నెల తిరిగేసరికి అతుకులన్నీ కుంగి చారలు తేలాయి. ఆ తప్పు నాదే. మళ్లీ నా ఖర్చుతోనే చేసిచ్చాను. అప్పట్నుంచి కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు, ముసురు పడితే రెండు రోజులు ఆగుతున్నాను.

అంతా ఆరాక ముందు ప్రైమర్, తర్వాతే రంగు. ప్రైమర్ లేకపోతే కాంపౌండ్ ఒకలా, బోర్డు కాగితం ఒకలా రంగు పీల్చుకుని అతుకులు మళ్లీ కనబడతాయి. గీత దగ్గర పసుపు మరక ఉంటే మాత్రం పైనుంచి నీళ్లు దిగుతున్నాయేమో చూడండి. ఆ లీకు ఆపాకే నిచ్చెన ఎక్కించండి.