టాబ్లెట్ వేసుకునే ముందు షుగరూ గుండే చూపించుకో

చిరంజీవి రవికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. విషయం రెండు ముక్కల్లో చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాత్రం పదే పదే రాశావు. మీ అత్తకు కూడా చెప్పను, నిశ్చింతగా ఉండు. ఫోన్‌లో అయితే మొహమాటపడి సగం మింగేస్తావని ఇలా ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నానన్న ఆ టాబ్లెట్లు మాత్రం ఇది చదవడం అయ్యేదాకా ముట్టుకోకు.

అంగం సరిగా గట్టిపడటం లేదు, గట్టిపడ్డా నిలవడం లేదు, ఏడాదిగా మెల్లమెల్లగా ఎక్కువవుతోంది అన్నావు. డాక్టర్లు దీన్ని అంగస్తంభన సమస్య అంటారు. ఎప్పుడో ఒకసారి జరిగితే దాన్ని జబ్బు అనం. బాగా అలసిపోయినా, తాగింది ఎక్కువైనా, ఇంట్లో గొడవ జరిగినా ఏ మగాడికైనా అవుతుంది. మూడు నెలలు దాటి అదే వరసలో ఉంటే అప్పుడు కారణం వెతకాలి. నీది వెతకాల్సిన దశే. 'నాకొక్కడికే ఎందుకిలా' అని రాశావు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద చేసిన పరిశీలన 1994లో అచ్చయింది. ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు అందులో 52 శాతం. మన దగ్గరా తక్కువేం లేరు. కాకపోతే దీనికోసమని ఎవరూ ఆసుపత్రికి రారు, ఇంకో దానికోసం వస్తారు.

నేను డాక్టరుగా పనిచేసే రోజుల్లో ఒక లారీ డ్రైవరు ఇలాగే అరికాళ్ల మంటలని నా దగ్గరికి వచ్చాడు. చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, కర్టెన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. బయట లైన్లో జనం గోల. నర్సమ్మ గదిలోంచి వెళ్లేదాకా ఆగి, నేల చూస్తూ 'ఇంకో చిన్న విషయం సార్' అన్నాడు. ఆ చిన్న విషయం రెండేళ్లుగా ఉంది. అప్పటికప్పుడు షుగర్ చూపిస్తే 280. అతనికి షుగర్ ఉన్న సంగతే అతనికి తెలియదు. కాళ్ల మంటలూ, ఆ చిన్న విషయమూ రెండూ షుగర్ చేసిన పనే. ఆ రెండోది సిగ్గుపడకుండా ముందే చెప్పి ఉంటే రెండేళ్ల ముందే దొరికేది.

నీ మెసేజ్ చదవగానే నాకు మీ నాన్న గుర్తొచ్చాడు. బావకు నలభై దాటకుండానే షుగర్ వచ్చింది, 52 ఏళ్లకు గుండెకు స్టెంట్ వేశారు. నీకిప్పుడు 41. పొట్ట వచ్చింది, నైట్ షిఫ్టులు, సిగరెట్ మానలేదు. అందుకే ఇది నీ మగతనానికి సంబంధించిన గొడవగా నాకు కనిపించడం లేదు. నీ రక్తనాళాల సంగతి ముందు తేలాలి.

అది ఎలాగో చెప్తాను. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నరాల ద్వారా సంకేతం వెళ్తుంది. అక్కడి నరాల చివర్లలో, రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థం విడుదలై కండరాన్ని వదులు చేస్తుంది. ధమనులు విప్పారతాయి, అంగంలోని స్పాంజి లాంటి కణజాలం రక్తంతో నిండుతుంది. ఆ ఒత్తిడికి సిరలు నొక్కుకుపోయి రక్తం వెనక్కి పోకుండా ఆగుతుంది. గట్టిపడటమంటే ఇంతే. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ ఇలా సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. మనసు, నరాలు, రక్తనాళాలు, హార్మోన్లు, వీటిలో ఏది తేడా చేసినా పని చెడుతుంది. చాలామందిలో ఒకటికి రెండు కలిసే ఉంటాయి.

షుగర్ నరాలనీ రక్తనాళాలనీ రెండింటినీ పాడుచేస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు ఈ సమస్య మిగతావాళ్ల కంటే పదేళ్లు పైబడి ముందే వస్తుంది. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అంగానికి రక్తం తెచ్చే ధమనులు 1 నుంచి 2 మిల్లీమీటర్ల లావుంటాయి, గుండెకు తెచ్చేవి 3 నుంచి 4. మన బత్తాయి తోటలో డ్రిప్ చూశావుగా, మెయిన్ పైపులో నీళ్లు బాగానే పోతున్నా చెట్ల మొదట్లో ఉండే సన్న రంధ్రాలు ఉప్పు పట్టి ముందు మూసుకుపోతాయి. ఇక్కడా అంతే. రక్తనాళాల జబ్బు వల్ల వచ్చే అంగస్తంభన సమస్య చాలామందిలో గుండె జబ్బు బయటపడటానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే కనిపిస్తుంది. నలభైల్లో ఉన్న మనిషికి, అందునా తండ్రికి గుండె జబ్బు ఉన్నవాడికి, ఇది ముందుగా తెలిసే మంచి దారి. నువ్వు ఆన్‌లైన్ టాబ్లెట్ వేసుకుని పని జరిగిపోయిందనుకుంటే ఆ దారి మూసేసుకున్నట్టే.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, సిగ్గుపడకుండా జవాబు రాయి. తెల్లవారుజామున లేచేసరికి అంగం గట్టిపడి ఉంటోందా? ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు దానంతటదే గట్టిపడుతుంది. కోరికతో పనిలేదు. అది మామూలుగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే ఇబ్బంది అయితే మనసు వైపు చూస్తాం. పొద్దుటిపూట కూడా తగ్గిపోయి, నెలల మీద మెల్లగా మొదలైనదైతే శరీరం వైపు చూస్తాం. నువ్వు రాసిన తీరు చూస్తే రెండో రకంగానే ఉంది, అయినా నీ నోటితో చెప్పు.

మనసు వల్ల వచ్చేదాన్ని కూడా తక్కువ చేసి మాట్లాడకూడదు. కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లు ఎంత నలిగిపోతారో నాకు తెలుసు. ముహూర్తం చూసి గదిలోకి పంపుతారు, తెల్లారేసరికి బయట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మొహాలు చదవడానికి కూర్చుంటారు. నిద్ర లేని పెళ్లి అలసట, పరిచయం లేని అమ్మాయి, పైగా పరీక్ష రాస్తున్నట్టు టెన్షన్. టెన్షన్‌లో ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. ఆ రాత్రి కాకపోవడంలో వింతేముంది? రెండో రాత్రి, 'మళ్లీ అలా అవుతుందేమో' అన్న భయమే అడ్డం పడుతుంది. వాళ్లలో చాలామందికి మందులతో పనే ఉండదు. కొన్నాళ్లు కలయిక ఊసు పక్కన పెట్టి దగ్గరగా ఉండండి, మాట్లాడుకోండి అని చెప్తే సర్దుకుంటుంది. చిన్నప్పుడు హస్తప్రయోగం చేసుకున్నందుకే ఇలా అయిందని కుమిలిపోయేవాళ్లనీ చూశాను. దానివల్ల నరాల బలహీనత రాదు, అంగం చిన్నదవదు, వీర్యం 'అయిపోదు'. ఆ భయాన్ని పెంచి పోషించేది లాడ్జిల్లో నెలకోసారి దిగే నకిలీ వైద్యులు. ఇరవై మూడేళ్ల కుర్రాడొకడు వాళ్ల దగ్గర కొన్న లేహ్యం సీసాను పేపర్లో చుట్టి నా టేబుల్ మీద పెట్టాడు. సీసాకు లేబుల్ లేదు, తయారీ తేదీ లేదు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. దానికోసం చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు పోశాడు. ఇలాంటి 'మూలికా' మందుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) పొడిని చాటుగా కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడింది. గుండెజబ్బు ఉన్నవాడు అది ఆయుర్వేదమనుకుని తింటే ఏమవుతుందో ఆలోచించు.

ఇక టాబ్లెట్ల సంగతి. నువ్వు తెప్పించుకున్నది సిల్డెనాఫిల్ అనుకుంటాను. దాన్ని మొదట గుండె నొప్పి కోసం పరీక్షించారు, పరీక్షల్లో ఈ గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. సరైన మనిషికి సరైన మోతాదులో ఇస్తే మంచి మందే, నేనూ రాసేవాణ్ని. కోరికను పుట్టించదు, కోరిక ఉన్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ మొదలుపెట్టిన పనిని నిలబెడుతుంది. కలయికకు గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ లాంటి నూనె తిండి తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. తలనొప్పి, ముక్కు బిగుసుకోవడం, మొహం వేడెక్కడం మామూలే. నాలుగు గంటలు దాటినా మెత్తబడకపోతే సిగ్గు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అసలు భయం ఇది కాదు రవీ. మీ ఇంట్లో మీ నాన్న జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ ఉంటుంది, గుండె నొప్పికి వాడే నైట్రేట్ మందు అది. ఎవరికి ఛాతీలో నొప్పి అన్నా నాలుక కింద ఒకటి పెట్టేస్తాడు. నువ్వు సిల్డెనాఫిల్ వేసుకున్న రాత్రి ఛాతీ పట్టేసిందనుకో, ఆయన ప్రేమగా ఆ బిళ్ల నీ నోట్లో పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే జాతి మందు తడాలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ మందులు ముట్టుకోకూడదు. అలా నొప్పి వస్తే 108కి ఫోన్ చేసి, వచ్చినవాళ్లకు ఈ టాబ్లెట్ వేసుకున్నానని మొట్టమొదట చెప్పాలి. ఇది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు అని ఊరికే పెట్టలేదు.

నువ్వు ఇప్పటికే వాడే మందుల్లో కూడా కారణం ఉండొచ్చు. అటెనొలాల్ లాంటి పాత బీపీ బిళ్లలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే కొన్ని బీపీ బిళ్లలు, డిప్రెషన్‌కిచ్చే కొన్ని మందులు, జుట్టు ఊడకుండా వాడే ఫినాస్టెరైడ్ ఇలా చేయగలవు. అనుమానం వచ్చిందని నీ అంతట నువ్వు ఏదీ ఆపొద్దు. మార్చడానికి వేరే మందులున్నాయి, డాక్టరు చూసుకుంటారు.

శనివారం పొద్దున ఖాళీ కడుపుతో ల్యాబ్‌కు వెళ్లు. ఫాస్టింగ్ షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ ప్రొఫైల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, మగ హార్మోను టెస్టోస్టిరాన్. చివరిది తప్పకుండా పొద్దున పది లోపే ఇవ్వాలి, మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చూడాలి, ఒక్క రిపోర్టు పట్టుకుని హార్మోన్ ఇంజెక్షన్లకు ఒప్పుకోకు. బీపీ చూపించుకుని, ఈసీజీ తీయించుకో. ముందు మంచి ఫిజీషియన్ దగ్గరికి వెళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నావా అన్నవి కూడా ఆయనకు చెప్పు. గురకతో ఊపిరి ఆగే జబ్బు వల్ల కూడా ఇది వస్తుంది. అవసరమైతే ఆయనే గుండె డాక్టరు దగ్గరికో, యూరాలజిస్టు దగ్గరికో పంపుతారు. బిళ్లలు పనిచేయనివాళ్లకు వాక్యూమ్ పంపులు, ఇంజెక్షన్లు, ఆఖరుకు ఆపరేషన్‌తో పెట్టే ఇంప్లాంటు దాకా ఉన్నాయి. నీకు అంతదాకా రాకపోవచ్చు.

బరువు తగ్గితే ఏమొస్తుందిలే అనుకోకు. ఇటలీలో ఈ సమస్య ఉన్న, బాగా లావైన 110 మంది మగవాళ్లను రెండేళ్లు గమనించి 2004లో అచ్చువేశారు. తిండి, వ్యాయామం పద్ధతిగా మార్చుకున్న సగం మందిలో దాదాపు మూడోవంతుకు సమస్య పోయింది. మిగతా సగంలో ముగ్గురికే. సిగరెట్ ఈ వారమే ఆపు, దాని మీద నాతో బేరాలు వద్దు. రాత్రి అన్నం సగం చెయ్యి, రోజూ చెమట పట్టేలా ముప్పావుగంట నడువు.

సుజాతకు చెప్పావా? చెప్పలేదనే అనుకుంటున్నాను. ఇందాకటి లారీ డ్రైవరు కూడా చెప్పలేదు. రెండేళ్లు భార్య వైపు తిరిగి పడుకోలేదు. ఆమె ఏమనుకుంది? రోడ్డు మీద తిరిగే మనిషి, ఎక్కడో ఇంకొకతె ఉందనుకుంది. పుట్టింటికి పోవడానికి సిద్ధమైంది. విషయం తెలిసిన రోజు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది, కోపంతో కాదు, ఇన్నాళ్లూ చెప్పనందుకు. నువ్వు దూరం జరిగిన ప్రతిసారీ సుజాత తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఉండొచ్చు. పడకగదిలో కాకుండా, పిల్లలు బడికెళ్లాక కాఫీ తాగుతూ చెప్పు. 'నీ మీద ఇష్టం తగ్గలేదు, ఒంట్లో ఏదో తేడా ఉంది, మామయ్య పరీక్షలు చేయించుకోమన్నాడు' అను చాలు. వస్తానంటే డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లు.

రిపోర్టులు రాగానే ఫోటోలు పంపు. నువ్వు వాడే మందుల స్ట్రిప్పులన్నీ, ఆ ఆన్‌లైన్ టాబ్లెట్ల అట్టతో సహా, వెనక వైపు పేర్లు కనిపించేలా తీసి పంపు. తెల్లవారుజాము సంగతి అడిగానే, ఆ ప్రశ్నకు జవాబు మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య